తిరగరాసే చిప్, తాళంచెవి ఎవరి దగ్గర?

మన ఇళ్లల్లో ఈసీఈ చదివే పిల్లలు తక్కువేం లేరు. బీటెక్ అయ్యాక వీఎల్‌ఎస్‌ఐ కోర్సు కూడా చేసి, ఒకరోజు ఇంటికొచ్చి "ఎఫ్‌పీజీఏ మీద జాబ్ దొరికింది అమ్మీ" అంటారు. అమ్మీ ఖుష్ అయ్యి మిఠాయి పంచుతుంది. చాచా మాత్రం అడుగుతాడు, "అదేంది బేటా?" అని. బేటా రెండు నిమిషాలు తిప్పలు పడి, "చిప్‌ల కంపెనీ చాచా" అని బాత్ ఖతం చేస్తాడు.

ఆ రెండు నిమిషాల్లో చెప్పలేకపోయిన సంగతి మీద కంప్యూటర్ల దునియాలో ఏళ్ల తరబడి ఒక బహస్ నడుస్తోంది. కొన్ని చిప్‌లను ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక కూడా తిరగరాయొచ్చు. మిషన్ నడుస్తుండగానే రాయొచ్చు. మరి ఆ రాతకి ఇజాజత్ ఎవరివ్వాలి? చిప్ చేసిన కంపెనీయా, మిషన్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమా, డబ్బులు పెట్టి కొన్న మనిషా?

నా ఫైసలా ముందే చెప్పేస్తా. ఇంతెజాం ఆపరేటింగ్ సిస్టం చేతుల్లో ఉండాలి. ఏ కంపెనీ చిప్ అయినా ఖాయిదా ఒక్కటే ఉండాలి. చాబీ మాత్రం మాలిక్ జేబులో ఉండాలి. ఈ మూడింట్లో మొదటిది సగం దాకా వచ్చింది. రెండోది అరకొరగా ఉంది. మూడోది చాలాచోట్ల లేనే లేదు. ఇది ఇంజినీర్ల గొడవే కదా అని వదిలేయకండి. మొబైల్ టవర్ల రేడియోల్లో, ఆసుపత్రిలో స్కానింగ్ మిషన్లలో ఈ చిప్‌లు వాడతారు. మన ఖైరియత్ దాని మీద కూడా ఆధారపడి ఉంది.

తఖ్తీ లాంటి చిప్

మామూలు చిప్ రాతి మీద చెక్కిన అక్షరం లాంటిది. ఫ్యాక్టరీలో ఒకసారి చెక్కితే అంతే, తప్పున్నా ఒప్పున్నా అది అట్లనే ఉంటుంది. ఎఫ్‌పీజీఏ అట్లా కాదు, అది తఖ్తీ. మా దాదా తరం వాళ్లు చెక్క తఖ్తీ మీద ముల్తానీ మట్టి పూసి, ఆరబెట్టి, ఖలంతో సబఖ్ రాసేవారు. రేపటి సబఖ్‌కి కడిగి, మళ్లీ పూసి, మళ్లీ రాసేవారు. చెక్క అదే, రాత వేరు.

1984లో అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో జైలింక్స్ అనే కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాది, 1985లో, వాళ్లు ఎక్స్‌సీ2064 అనే చిప్ తెచ్చారు. అందులో 64 లాజిక్ బ్లాకులు ఉండేవి. ఇవాళ్టి పెద్ద చిప్‌లలో ఆ లెక్క లక్షల్లోకి పోయింది. కానీ లోపలి తరీఖా పెద్దగా మారలేదు. ఒక్కో బ్లాకులో చిన్న చిన్న పట్టికలు ఉంటాయి. ఆరు తీగలు లోపలికొస్తే 64 రకాల స్థితులు. ఒక్కో స్థితికి జవాబు సున్నానా ఒకటా అని ఆ పట్టికలో రాసి ఉంటుంది. పట్టికల్లో ఏం రాయాలి, ఏ తీగని ఏ తీగకి కలపాలి అన్న మొత్తం హిసాబ్ ఒక ఫైలులో వస్తుంది. దాన్ని బిట్‌స్ట్రీమ్ అంటారు. మధ్యరకం చిప్ జింక్-7020కి ఆ ఫైలు సుమారు 4 మెగాబైట్లు, అంటే ఫోన్లో తీసిన ఒక ఫోటో అంత.

ఎక్కువ రకాల్లో కరెంటు పోతే రాత కూడా పోతుంది. మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ మళ్లీ రాయాల్సిందే. ఇంకో సంగతి, తఖ్తీ మొత్తం కడగకుండా ఒక మూల మాత్రమే కడిగి కొత్త రాత రాసే తరీఖా కూడా ఉంది. మిగతా భాగం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

దీని ఫాయిదా ఎంతంటే, 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద దిగిన నాసా రోవర్ పెర్సీవరెన్స్‌లో ఇట్లాంటి చిప్ ఒకటుంది. దిగేటప్పుడు కింద నేలని గుర్తుపట్టే పని చేసింది. దిగాక దాన్నే తిరగరాసి, నేల మీద బండి నడిచేటప్పుడు కెమెరా చిత్రాలను పరిశీలించే పనిలో పెట్టారు. అంత దూరం ఇంకో చిప్ మోసుకుపోయే జరూరత్ లేకపోయింది.

మనుషులు కాపురమున్న ఇంటికి మరమ్మతు

మసలా ఎక్కడ మొదలవుతుందంటే, ఈ తఖ్తీ ఒంటరిగా ఉండదు. దాని పక్కనే ప్రాసెసర్, మెమరీ, ప్రోగ్రాములు ఉంటాయి. ఖాళీ ఇంటికి మరమ్మతు చేయడం వేరు, మనుషులు కాపురమున్న ఇంటికి చేయడం వేరు. పైన గదిలో పిల్లాడు నిద్రపోతుంటే కింద గోడ కూలగొడతామా?

2011లో జైలింక్స్ జింక్-7000 అనే చిప్‌ల వరుసని ప్రకటించింది. ఒకే చిప్ మీద రెండు ఏఆర్‌ఎం ప్రాసెసర్లు, పక్కనే తిరగరాసుకునే భాగం. ప్రాసెసర్ మీద లైనక్స్ నడుస్తుంది. మొదట్లో దాన్ని తిరగరాయడం ఎంత ఆసాన్‌గా ఉండేదంటే, కంపెనీ తన లైనక్స్‌లో ఎక్స్‌డెవ్‌సీఎఫ్‌జీ అని ఒక ఫైలు లాంటి దర్వాజా పెట్టింది. బిట్‌స్ట్రీమ్‌ని అందులోకి కాపీ చేస్తే చాలు, చిప్ మారిపోయేది. ఒక్క లైను కమాండు. ప్రయోగాలు చేసే పిల్లలకి అది ఈద్ ముందు రోజు బజారు లాగా ఉండేది.

కానీ ఆ కమాండు ఎవరినీ ఏమీ అడగదు. చిప్‌లోని పాత సర్క్యూట్‌తో ఒక డ్రైవర్ ఆ క్షణంలో మాట్లాడుతూ ఉందనుకోండి. డ్రైవర్ ప్రశ్న వేసింది, జవాబు వచ్చే లోపు సర్క్యూటే మాయమైంది. ఆ జవాబు కోసం ప్రాసెసర్ ఎదురుచూస్తూ బిగుసుకుపోవచ్చు. సగం కడిగిన తఖ్తీ నుంచి పిచ్చి గీతలు మెమరీలోకి పోవచ్చు. ఇంకా పెద్ద ఖతరా ఉంది. చిప్‌లో రాసిన సర్క్యూట్ చాలా బోర్డుల్లో మెమరీని నేరుగా చదవగలదు, రాయగలదు. ప్రాసెసర్‌ని అడగాల్సిన పని లేదు. దానికి అడ్డుగా నిలబడే ఐఓఎంఎంయూ అనే కంచె కొన్ని చిప్‌లలో ఉంది, జింక్-7000లో లేదు. అంటే తఖ్తీ మీద ఎవరో రాసిన గీత, ఇంట్లో అన్ని అల్మారాలూ తెరవగలదన్నమాట.

ఇవి ఊహించి చెప్పే కబుర్లు కావు. మైక్రోసాఫ్ట్ తన బింగ్ సర్చ్ కోసం 1,632 సర్వర్లలో ఈ చిప్‌లు పెట్టి చూసి, 2014లో ఆ అనుభవం మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. ర్యాంకింగ్ చేసే సామర్థ్యం 95 శాతం దాకా పెరిగిందని అందరూ చెప్పుకున్నారు. నా దృష్టి మాత్రం ఆ పత్రంలోనే ఉన్న ఇంకో ముచ్చట మీద పడింది. ఒక చిప్‌ని తిరగరాస్తుంటే, సర్వర్‌కి అది చెడిపోయిన పరికరంలా కనిపించి, మొత్తం మిషన్ అస్థిరమయ్యే అలారం మోగేది. అంతేకాదు, తిరగరాతలో ఉన్న చిప్ పక్క చిప్‌లకి అర్థంలేని చెత్త పంపే ఖతరా ఉండేది. దానికి వాళ్లు రెండు ఇంతెజాంలు చేశారు. రాత మొదలయ్యే ముందు ఆ అలారాన్ని డ్రైవర్ ఆపేస్తుంది. రాయబోయే చిప్ పక్కవాళ్లకి "నేను మళ్లీ పిలిచేదాకా నా నుంచి ఏమొచ్చినా పట్టించుకోకండి" అని ఖబర్ పంపుతుంది.

పక్కింటికి ముందుగా ఖబర్ ఇవ్వడం మన బస్తీల్లో చిన్న పిల్లాడికి కూడా తెలిసిన అదబ్. చిప్‌లకి దాన్ని నేర్పాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్‌కి ఇంజినీర్ల ఫౌజ్ ఉంది కాబట్టి తనకి కావాల్సింది తాను రాసుకుంది. పదిమంది ఉన్న చిన్న కంపెనీ ఏం చేయాలి? అందుకే ఈ అదబ్ ఆపరేటింగ్ సిస్టంలో ఉండాలి, అందరికీ ముఫ్త్‌గా అందాలి.

అర్జీ, మంజూరు, కబ్జా, రద్దు

ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడిగా నాకు ఒక సరదా ఉంది. తెలుగు దఫ్తర్లో వాడే మాటల్లో ఎన్ని మన ఇంటి మాటలో లెక్కపెట్టుకుంటూ ఉంటాను. అర్జీ, మంజూరు, తాఖీదు, కబ్జా, రద్దు, దాఖలా. ఏ ఊరి తహసీల్దారు ఆఫీసుకి పోయినా ఇవే. విచిత్రం ఏమిటంటే, లైనక్స్ వాళ్లు ఈ చిప్‌ల కోసం కట్టిన ఇంతెజాంని చెప్పడానికి ఇంతకన్నా మంచి మాటలు నాకు దొరకలేదు.

2016 జనవరిలో వచ్చిన లైనక్స్ 4.4లో ఎఫ్‌పీజీఏ మేనేజర్ అనే భాగం చేరింది. అల్టెరా కంపెనీ ఇంజినీర్ అలన్ టల్ దాన్ని ముందుకు నడిపించాడు. అల్టెరా, జైలింక్స్ బజార్లో పోటీదారులు. రెండు కంపెనీల చిప్‌లకీ ఒకే పద్ధతి పెట్టడం ఇందులోని అసలు కమాల్. చిప్‌కి తగ్గట్టు కింది పని చేసే చిన్న డ్రైవర్ వేరు, పైన అందరికీ కనిపించే పద్ధతి ఒకటే. సిద్ధం చేయి, రాయి, పూర్తయిందని చూసుకో. ఒకరు రాస్తుండగా ఇంకొకరు చేయి పెట్టకుండా కబ్జా ఉంటుంది. చిప్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో, రాత మధ్యలో ఉందా, తప్పు జరిగిందా, పనిలో ఉందా, ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు.

తర్వాత 2017లో వచ్చిన 4.10లో బ్రిడ్జ్, రీజియన్ అని ఇంకో రెండు చేరాయి. బ్రిడ్జ్ అంటే చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య గేటు. రీజియన్ అంటే తిరగరాసే ఇలాఖా. ఇప్పుడు వరుస ఇట్లా ఉంటుంది. ఒక ఇలాఖాని మార్చాలని అర్జీ వస్తే, ముందు ఆ ఇలాఖా మీద కబ్జా తీసుకుంటారు. తర్వాత గేట్లు మూస్తారు. అప్పుడు రాస్తారు. రాత సరిగ్గా ముగిస్తేనే గేట్లు తెరిచి, కొత్త సర్క్యూట్‌లో ఏమేం పరికరాలున్నాయో కెర్నల్ రిజిస్టర్‌లో దాఖలా చేస్తారు. మరమ్మతు చేసే మేస్త్రి నల్లా కనెక్షన్ ముందు బంద్ చేసి తర్వాత పైపు కోసినట్టే.

ఇది బాగుంది. దిల్ సే చెప్తున్నా, బాగుంది. కానీ ఇక్కడే పెద్ద లోటు ఉంది.

దర్వాజా లేని దఫ్తర్

ఇంత చక్కటి దఫ్తర్ కట్టి, బయటి మనిషి అర్జీ ఇచ్చుకునే కిటికీ పెట్టలేదు. కెర్నల్ లోపలి భాగాలు ఈ మేనేజర్‌ని పిలవొచ్చు. మిషన్ ముందు కూర్చున్న మనిషి, "నా చిప్‌లో ఈ డిజైన్ వేయి" అని చెప్పడానికి ప్రధాన లైనక్స్‌లో అన్ని చిప్‌లకీ పనికొచ్చే ఒకే దర్వాజా ఏళ్లకేళ్లు తెరుచుకోలేదు. ప్రతిపాదనలు వచ్చాయి, బహస్ అయింది, మళ్లీ వచ్చాయి, మళ్లీ బహస్ అయింది.

ఎందుకు తెరవలేదో న్యాయంగా చెప్పాలి. కెర్నల్ పెద్దలది ఊరికే జిద్దు కాదు. ఏఆర్‌ఎం బోర్డుల్లో ఏ పరికరం ఎక్కడుందో కెర్నల్ తనంతట తాను కనుక్కోలేదు. దానికి డివైస్ ట్రీ అనే నక్షా ఇస్తారు. చిప్‌ని తిరగరాస్తే నక్షా కూడా మారాలి. అందుకు నక్షా మీద ఒక చిట్టీ అతికిస్తారు. దాన్ని ఓవర్‌లే అంటారు. చిట్టీ అతికించడం ఆసాన్, పీకడం ముష్కిల్. ఆ నక్షాని చదివే కోడ్ చాలావరకు, మిషన్ లేచినప్పుడు ఉన్న నక్షా చివరిదాకా మారదు అన్న భరోసా మీద రాసింది. మధ్యలో చిట్టీ పీకితే, దాన్ని నమ్ముకుని పనిచేస్తున్న డ్రైవర్లు ఏమవుతాయి? పైగా ఎవరైనా ఏ చిట్టీ అయినా అతికించగలిగితే, చిప్‌తో సంబంధం లేని పరికరాల నక్షా కూడా మార్చేయొచ్చు. అందుకే చిట్టీలు అతికించే సాధారణ దర్వాజా ప్రతిపాదనకి ప్రధాన లైనక్స్‌లో చోటు దొరకలేదు.

వాళ్ల భయం సచ్. కానీ ఆ భయంతో దర్వాజా పెట్టకపోతే జనం ఊరుకుంటారా? కిటికీ దూకుతారు. అదే జరిగింది. కంపెనీలు తమ తమ లైనక్స్ కాపీల్లో సొంత దర్వాజాలు పెట్టుకున్నాయి. పెద్దలు వద్దన్న చిట్టీల తరీఖాయే జైలింక్స్ కాపీలో కొనసాగింది. సర్వర్ కార్డులకైతే జైలింక్స్‌కి ఎక్స్‌ఆర్‌టీ, ఇంటెల్‌కి ఓపీఏఈ. ఇవేవీ తలనొప్పి వద్దనుకునేవాళ్లు మిషన్ లేచేటప్పుడే, లైనక్స్ రాకముందే, చిప్‌ని ఒకసారి రాసేసి మళ్లీ ముట్టుకోరు. తఖ్తీ కొని రాతి ఫలకంలా వాడుకోవడం అన్నమాట.

దీని నుక్సాన్ ఎవరికి? ఒక కంపెనీ చిప్ కోసం రాసిన ప్రోగ్రాం ఇంకో కంపెనీ చిప్ మీదకి పోదు. కంపెనీ తన లైనక్స్ కాపీని పట్టించుకోవడం మానేస్తే, దాని మీద ఆధారపడ్డ మిషన్ భద్రతా మరమ్మతులు రాని పాత కెర్నల్‌లో చిక్కుకుపోతుంది. ప్రధాన ద్వారం దగ్గర చౌకీదారు గట్టివాడే. కానీ వెనక పది కిటికీలకి చౌకీదారే లేడు. భద్రత కోసం చేసిన పని, భద్రతనే కమ్మీ చేసింది. నా అభ్యంతరం ఇక్కడే.

దర్వాజా పెట్టడం అసాధ్యం కాదు

అసాధ్యం అనేవాళ్లకి రెండు మిసాల్‌లు ఇస్తా.

మొదటిది పాతది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బోర్ఫ్ అని ఒక లైనక్స్ రూపం తయారుచేశారు. వాళ్ల ఖయాల్ చాలా సాదాగా ఉంది. కంప్యూటర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాంని ప్రాసెస్ అంటాం కదా, చిప్‌లో రాసిన సర్క్యూట్‌ని కూడా ఒక ప్రాసెస్ అనే అనుకుందాం. మామూలు ప్రోగ్రాంని నడిపినట్టే ఫైలు నడిపితే, కెర్నల్ చిప్‌ని రాస్తుంది. సర్క్యూట్ లోపలి లెక్కలు ఫైళ్లలా కనిపిస్తాయి, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇది యూనివర్సిటీ గోడల మధ్య ఆగిపోలేదు. రేడియో టెలిస్కోపుల కోసం తయారైన రోచ్ బోర్డుల మీద బోర్ఫ్ నడిచింది. దక్షిణాఫ్రికా టెలిస్కోపుల్లో ఆ బోర్డులు వాడారు. మన పుణె దగ్గరున్న జీఎంఆర్‌టీ టెలిస్కోప్ కొత్త వ్యవస్థలో కూడా రోచ్ బోర్డులు చేరాయి. ఆకాశాన్ని చూసే సైంటిస్టుకి చిప్ లోపలి రహస్యాలు తెలియాల్సిన జరూరత్ లేకుండా పోయింది.

రెండోది ప్రధాన లైనక్స్‌లోనే ఉంది. ఇంటెల్ సర్వర్ కార్డుల కోసం 2018లో డీఎఫ్‌ఎల్ అనే భాగం వచ్చింది. అందులో ఒక అక్లమంద్ ఏర్పాటు ఉంది. కార్డుకి రెండు ముఖాలు. ఒకటి ఇంతెజామ్‌దార్‌ది, ఇంకొకటి కిరాయాదార్‌ది. కార్డులో ఏ డిజైన్ వేయాలో నిర్ణయించే హక్కు మొదటి ముఖానికే ఉంటుంది. వేసిన డిజైన్‌ని వాడుకునే హక్కు రెండోదానికి. వాడుకునేవాడు తిరగరాయలేడు. పైగా ప్రతి ఇలాఖాకి ఒక గుర్తు నంబరు ఉంటుంది. కొత్త డిజైన్ తనతోపాటు తెచ్చుకున్న గుర్తు దానితో జోడీ కుదరకపోతే రాతే మొదలవదు. ఇరవై అంగుళాల తలుపు పద్దెనిమిది అంగుళాల చౌకట్‌కి బిగించకుండా ఆపే కొలబద్ద లాంటిది.

ఒక కంపెనీ కార్డులకి ఇది చేయగలిగినప్పుడు, అందరి చిప్‌లకీ ఎందుకు చేయలేం? చేయగలం. కావాల్సింది నియ్యత్.

గుడ్డి చౌకీదారు

ఇంకో పెద్ద ఇతరాజ్ ఉంది. "దర్వాజా పెడితే షైతాన్ డిజైన్లు రావా?" వస్తాయి. 2017లో జర్మనీలోని కార్ల్స్‌రూహే పరిశోధకులు ఒక సంగతి చూపించారు. ఏ నియమాన్నీ తప్పకుండా తయారైన బిట్‌స్ట్రీమ్‌తోనే, చిప్ లోపల కరెంటు వాడకాన్ని వేగంగా పెంచి తగ్గించి, వోల్టేజీ పడిపోయేలా చేసి, చిప్ మొత్తాన్ని మూర్ఛపోగొట్టొచ్చు. ఒకే చిప్‌ని ఇద్దరు కిరాయాదార్లు పంచుకుంటే, ఒకడు ఇంకొకడి బత్తీ ఆర్పేయగలడు.

అమెజాన్ దీనికి ఒక జవాబ్ వెతుక్కుంది. 2016 చివర్లో ప్రకటించిన ఎఫ్1 సర్వీసులో ఈ చిప్‌లను కిరాయికి ఇచ్చింది. అందులో కస్టమర్ తన బిట్‌స్ట్రీమ్‌ని నేరుగా చిప్‌లో వేయడానికి వీలుండేది కాదు. డిజైన్‌ని అమెజాన్‌కి ఇస్తే, వాళ్లు తనిఖీ చేసి, ఖతర్‌నాక్ సర్క్యూట్లు ఉన్నాయేమో చూసి, తుది ఫైలు వాళ్లే తయారుచేసేవారు. చిప్‌లో ఒక భాగం షెల్ పేరుతో ఎప్పుడూ అమెజాన్ చేతుల్లోనే ఉండేది.

కిరాయి ఇంటికి ఈ ఖాయిదా సరే. ఇల్లు వాళ్లది, పక్క గదిలో ఇంకొకరున్నారు. కానీ నేను కొన్న ఇంట్లో మేకు కొట్టాలన్నా కంపెనీ ఇజాజత్ అడగాలా? ఇదే తరీఖా కొన్న మిషన్లకి కూడా పాకుతోంది. జింక్ అల్ట్రాస్కేల్ ప్లస్ లాంటి చిప్‌లలో ఈఫ్యూజ్ అనే చోట ఒక చాబీ ముద్రని శాశ్వతంగా కాల్చి పెట్టొచ్చు. ఆ తర్వాత ఆ చాబీతో దస్తఖత్ ఉన్న ఫైలుతో తప్ప మిషన్ లేవదు. దొంగ రాతల నుంచి కాపాడటానికి ఇది మంచి తాళమే. కానీ కాల్చింది మిషన్ అమ్మిన కంపెనీ చాబీ అయితే, కంపెనీ చేతులెత్తేసిన రోజు మాలిక్ గతి ఏంటి? స్కానింగ్ మిషన్ చిప్‌లో ఒక తప్పు దొరికి, దాన్ని సరిచేయగల ఇంజినీర్ మన ఊళ్లోనే ఉన్నా, తాళం తెరుచుకోదు. తిరగరాయగలిగే చిప్ పెట్టి, తిరగరాసే హక్కు తీసేసుకోవడం బేఇన్‌సాఫీ.

పైగా కంపెనీ తాళాన్నే పూర్తిగా నమ్ముకోలేం. 2020లో జర్మనీలోని రూర్ యూనివర్సిటీ, మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు స్టార్‌బ్లీడ్ అనే లోపాన్ని బయటపెట్టారు. జైలింక్స్ 7-సిరీస్ చిప్‌లలో బిట్‌స్ట్రీమ్‌ని దాచే తాళం తెరుచుకోగలదని చూపించారు. ఆ లోపం చిప్ లోపలి రాతిలో ఉంది. తఖ్తీ రాతని మార్చొచ్చు గానీ తఖ్తీ చెక్కని మార్చలేం కదా. చిప్‌నే మార్చడం తప్ప పూర్తి ఇలాజ్ లేదు. కాబట్టి ఒక్క తాళం మీదే ఐతబార్ పెట్టడం అక్ల్ కాదు. పైన ఆపరేటింగ్ సిస్టం కాపలా కూడా కావాలి.

కానీ ఆ కాపలాకి కళ్లు కావాలి. పెద్ద కంపెనీలు చాలావరకు బిట్‌స్ట్రీమ్ లోపలి భాషని రహస్యంగా ఉంచుతాయి. కెర్నల్ ముందు 4 మెగాబైట్ల సంచీ పెట్టి "ఇది వేసేయి" అంటే, లోపల బియ్యమున్నాయో బారూద్ ఉందో దానికెలా తెలుస్తుంది? గుడ్డి చౌకీదారుకి ఎంత జీతమిచ్చినా ఏం లాభం? ఆ భాష తెరవడం మహాపాపం ఏమీ కాదు. 2015లో ఐస్‌స్టార్మ్ అనే ప్రాజెక్టు, లాటిస్ కంపెనీ వారి ఐస్40 చిన్న చిప్‌ల భాషని బయటినుంచే చదివి, లోకానికంతా ఉచితంగా ఇచ్చింది. దాంతో ఆసమాన్ కూలలేదు. చదువుకునే పిల్లలకి తక్కువ ఖర్చులో, ఎవరినీ లైసెన్సు అడగకుండా, చిప్ రాయడం నేర్చుకునే దారి దొరికింది.

నేను అడిగేవి

ఒకటి, అన్ని కంపెనీల చిప్‌లకీ ప్రధాన లైనక్స్‌లో ఒకే దర్వాజా. నక్షా మొత్తం మీద చిట్టీలు అతికించే దర్వాజా వద్దు, పెద్దల భయం అక్కడ సరైనదే. ఒక ఇలాఖాకి, ఆ ఇలాఖా హద్దుల్లోని పరికరాలకి మాత్రమే పరిమితమైన చిన్న దర్వాజా చాలు.

రెండు, రాత మొదలయ్యే ముందు ఆ సర్క్యూట్‌ని వాడుతున్న అందరికీ ఖబర్ పోవాలి. ఎవరైనా "ఇంకా పని అవలేదు" అంటే అర్జీ ఆగాలి. బలవంతంగా రాసే హక్కు ఇంతెజామ్‌దార్‌కి ఉండొచ్చు, కానీ అది చెప్పకుండా జరగకూడదు.

మూడు, మెమరీ కంచె ఉన్న చిప్‌లలో అది మొదటినుంచే మూసి ఉండాలి. అడిగిన మేరకే తెరవాలి. కంచె లేని చిప్‌లలో కిరాయాదార్ల డిజైన్లు అసలు వేయకూడదు.

నాలుగు, ఎవరు, ఎప్పుడు, ఏ డిజైన్ రాశారో దాఖలా ఉండాలి. రాత చెడితే వెనక్కిపోవడానికి ఆఖరుసారి బాగా నడిచిన డిజైన్ పక్కన భద్రంగా ఉండాలి.

ఐదు, దస్తఖత్ తనిఖీ ఉండాలి, కానీ కంపెనీ చాబీతోపాటు తన చాబీ కూడా చేర్చుకునే హక్కు కొన్నవాడికి ఉండాలి. కంపెనీ ఆ మిషన్‌ని వదిలేసిన రోజు బిట్‌స్ట్రీమ్ భాషని కూడా బయటపెట్టి పోవాలి.

"మాకున్నది ఒక్క బోర్డు, ఒక్క సర్క్యూట్. ఇన్ని అర్జీలు, మంజూర్లు మాకెందుకు?" అని కొందరు కుర్రాళ్లు అంటారు. టేబుల్ మీద ఒంటరిగా ఉన్న బోర్డుకి నిజంగానే అక్కర్లేదు. కానీ ఆ బోర్డే రేపు ఒక డబ్బాలో కూర్చుని ఆసుపత్రికి పోతుంది. అప్పుడు దాన్ని తిరగరాసేది మీరు కాదు, మిమ్మల్ని ఎప్పుడూ చూడని ఇంకొకరు. ఖాయిదా ఆ ఇంకొకరి కోసం, ఆ మిషన్ కింద పడుకున్న పేషెంట్ కోసం.

ఇది దూరపు అమెరికా ముచ్చట అని కూడా అనుకోకండి. జైలింక్స్‌కి హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ సెంటర్ ఉంది. 2022 ఫిబ్రవరిలో జైలింక్స్‌ని ఏఎండీ కొనేశాక అది ఏఎండీది అయింది. లైనక్స్ కెర్నల్ బహస్‌లు బంద్ గదుల్లో జరగవు, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా తమ కోడ్ పంపొచ్చు. కోడ్ బాగుందా లేదా అని చూస్తారే గానీ, పంపినవాడి మొహల్లా అడగరు.

కాబట్టి అమ్మీలారా, అబ్బాలారా, ఈ లైన్లో ఉన్న మీ పిల్లల్ని ఒక సవాల్ అడగండి. "బేటా, మీ చిప్‌ని తిరగరాస్తే, అప్పటిదాకా దాంతో మాట్లాడుతున్న ప్రోగ్రాం ఏమవుతుంది?" జవాబ్ గడగడా చెప్తే షాబాష్ అనండి. చెప్పలేకపోతే కోప్పడకండి, చదవమనండి. సర్క్యూట్ గీయడం వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు, కెర్నల్ లోపల గేటు ఎప్పుడు మూయాలో తెలిసినవాళ్లు తక్కువ. రెండూ తెలిసిన పిల్లలు తమ రోజీ బాగా సంపాదించుకుంటారు. నేను అడిగిన ఆ ఐదింటిని రాయాల్సింది కూడా వాళ్లే.